చిలుకలో ప్రాణం: పాత కథల కొత్త రూపాలను ఈబుక్కుల్లో ఎలా చదవాలి

నెలకు రెండు శనివారాలు మూర్‌మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్లో సూళ్ళూరుపేట లోకల్ ఎక్కుతాను. అమ్మమ్మ అక్కడే ఉంటుంది. దాదాపు రెండు గంటల ప్రయాణం. చెన్నై సెంట్రల్‌ను ఆనుకుని ఉన్న ఆ స్థలంలో ఒకప్పుడు మూర్ మార్కెట్ ఉండేది. పాత పుస్తకాలకు పెట్టింది పేరు. 1985లో మంటల్లో కాలిపోయింది. తాతయ్య చెప్తే వినడమే తప్ప నేను చూడలేదు. కానీ పోయినేడు వానాకాలంలో, అదే చోట ఆగి ఉన్న బండిలో కిటికీ పక్కన కూర్చుని, 1892 నాటి పుస్తకాన్ని పైసా ఖర్చు లేకుండా ఫోన్లోకి దించుకుని చదువుతుంటే, నాలుగో కథలో బాలనాగమ్మ ఎదురైంది.

పేరు కొంచెం మారింది. బాల్నా అని ఉంది. ఏడుగురు అక్కచెల్లెళ్ళలో ఆఖరిది. సవతి తల్లి ఉంది. ఫకీరు వేషంలో వచ్చి, ఆమెను చిన్న నల్ల కుక్కగా మార్చి ఎత్తుకుపోయే మాంత్రికుడున్నాడు. తల్లిని వెతుక్కుంటూ వెళ్ళే కొడుకున్నాడు. ఎక్కడో అడవి నడుమ చిలుకలో దాచిన ప్రాణం ఉంది. బండి గుమ్మిడిపూండి దాటేదాకా నేను తల ఎత్తలేదు.

అప్పటినుంచి నేను కథల్ని చదివే తీరే మారిపోయింది. ఒకే కథను నాలుగు నోళ్ళలో వినడం, ఎక్కడ మారిందో వెతుక్కోవడం, ఆ మార్పు ఎందుకొచ్చిందా అని ఆలోచించడం. ఇందులో ఉన్న ఆనందం మీకూ దక్కాలని, నాకు అలవాటైన పద్ధతిని వరసగా చెప్తున్నాను.

ముందు మీకు బాగా తెలిసిన కథను ఒకటి పట్టుకోండి

కొత్త పుస్తకాల జాబితాలు వెతకొద్దు. మీకు చిన్నప్పుడు ఎవరో ఒకరు అన్నం తినిపిస్తూ చెప్పిన కథ, కళ్ళు మూసుకుని మీరు మళ్ళీ చెప్పగలిగిన కథ, ఒక్కటి చాలు. ఏడు చేపల కథైనా ఫరవాలేదు. బాలనాగమ్మ అయితే ఇంకా మంచిది, ఎందుకో కింద చెప్తాను.

ఆ కథను ఎక్కడా చూడకుండా ఒక కాగితం మీద రాసుకోండి. పేజీ నిండితే చాలు. ఈ పని దాటవేయకండి. ఒకసారి అచ్చులో ఇంకో రూపం చదివాక, మన ఇంట్లో విన్న రూపం మెల్లగా దాని కింద కలిసిపోతుంది. అమ్మమ్మ చెప్పిన కథలో కుర్రవాణ్ణి మోసుకెళ్ళింది గండభేరుండ పక్షి పిల్లలు. ఇంగ్లీషు కథలో గద్ద పిల్లలు. ముందే రాసి పెట్టుకోకపోతే ఇప్పుడు నాకు ఏది ఎవరిదో గుర్తుండేది కాదు. మరిచిపోయిన చోట ఖాళీ వదిలేయండి. ఆ ఖాళీలే తర్వాత మిమ్మల్ని వెతికిస్తాయి.

తర్వాత దాని పాత రూపం సంపాదించండి

పాత జానపద కథల పుస్తకాల్లో చాలావాటికి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళదాకా హక్కు ఉంటుంది. ఆ తర్వాత ఆ పుస్తకం అందరిదీ. కాబట్టి ఉచితంగా దించుకోవడానికి సంకోచం అక్కర్లేదు, దానికోసం తెలియని టెలిగ్రామ్ గుంపుల్లో చేరాల్సిన పనీ లేదు.

మూడు చోట్లు చూడండి. మొదటిది ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్. 1971లో మొదలైంది, ఖాతా తెరవాలని అడగదు. ఇంగ్లీషు పుస్తకాలకు ఇంతకన్నా సులువైన చోటు లేదు. వెతికే పెట్టెలో జోసెఫ్ జేకబ్స్ పేరు కొట్టి, ‘ఇండియన్ ఫెయిరీ టేల్స్’ తెరవండి. ఈపబ్ (EPUB) అని ఉన్న ఫైలు దించుకోండి, ఈబుక్కుల కోసం చేసిన ఫైలు రకం అది. నేను చెప్పిన 1892 పుస్తకం ఇదే. అందులో బాల్నా కథ పేరు ‘పంచ్‌కిన్’. అది ఆ మాంత్రికుడి పేరు.

రెండోది తెలుగు వికీసోర్స్. ఇక్కడ మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు ఉన్నాయి. కాశీకి పోతూ మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పే మణిసిద్ధుడు, కథ చెప్తేనే వెంట వస్తానన్న గోపబాలుడు. అసలా కథల్లో ఎన్ని పాత కథలు వేషం మార్చుకుని తిరుగుతున్నాయో చదువుతున్నకొద్దీ తెలుస్తుంది. వికీసోర్స్‌లో పుస్తకాన్ని ఈపబ్‌గానో పీడీఎఫ్‌గానో దింపుకునే వీలుంది. అక్షరాలు టైపు చేసినవి కాబట్టి మాట కొట్టి వెతకొచ్చు. ఒక చిన్న కిటుకు: ‘చిలుక’ అని కొడితే ‘చిలక’ దొరకదు. రెండు రకాలుగానూ వెతకండి.

మూడోది ఆర్కైవ్ డాట్ ఆర్గ్. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఇక్కడ కుప్పలుగా ఉన్నాయి. మద్రాసులోనే జి.ఎ. నటేశన్ కంపెనీ ఇంగ్లీషులో వేసిన ‘ఫోక్‌లోర్ ఆఫ్ ది తెలుగూస్’ లాంటివి నాకు ఇక్కడే కనబడ్డాయి. స్కాన్ అంటే ఫొటో కాబట్టి ఫోన్లో అక్షరం చీమ తలంత ఉంటుంది. ఫోన్ అడ్డంగా తిప్పి, పేజీని సగం సగం చదవండి. చాలాసేపు చదవాలంటే ఇంట్లో పెద్ద తెర మీద చూడటమే నయం, కళ్ళు ముఖ్యం.

రైల్లో చదవాలనుకుంటే ఇంట్లోనే దింపేసుకోండి. ఎన్నూరు దాటాక నాకు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

‘స్త్రీ’ పరీక్ష

తెలుగు ఈబుక్ కొనేముందు ఈ పరీక్ష చేయకుండా డబ్బు కట్టకండి. నా మొదటి తెలుగు ఈబుక్ ఒక ఆన్‌లైన్ దుకాణంలో 120 రూపాయలకు కొన్నాను. తెరిస్తే వత్తులన్నీ ఊడిపోయి పక్కన పడి ఉన్నాయి. ‘రాజ్యం’ అన్న మాటలో య వత్తు కిందికి దిగకుండా పొల్లు పక్కన విడిగా నిలబడింది. మూడు పేజీలు కష్టపడి చదివి మూసేశాను. తప్పు పుస్తకంలో ఉందో, నా పరికరంలో ఉందో కూడా అప్పుడు నాకు తెలియలేదు.

ఇప్పుడు చేసేది ఇది. ఏ దుకాణమైనా మొదటి కొన్ని పేజీలు నమూనాగా ఇస్తుంటే, దాన్ని మీరు చదవబోయే పరికరంలోనే తెరవండి. కంప్యూటర్లో బాగున్నది ఫోన్లో బాగుండాలని లేదు. స్త్రీ, రాష్ట్రం, శాస్త్రం, కృష్ణుడు, వైద్యుడు. ఇలాంటి మాటలు ఎక్కడున్నాయో వెతికి చూడండి. స కింద త, దాని పక్కన ర సరిగ్గా కూర్చుంటే మిగతావన్నీ కూర్చుంటాయి. తర్వాత అక్షరం సైజు రెండు మెట్లు పెంచండి. పేజీ మళ్ళీ సర్దుకుంటే అది అసలైన ఈబుక్. అక్షరాలతోపాటు పేజీ అంచులు కూడా పెరిగి తెర బయటికి పోతుంటే అది పీడీఎఫ్. పీడీఎఫ్ పనికిరాదని కాదు. ఒకే ధర అయినప్పుడు ఈపబ్ తీసుకోండి.

చదివే యాప్ ఫాంటు మార్చనిస్తే నోటో సెరిఫ్ తెలుగు పెట్టి చూడండి, లేదా మండలి. రెండూ ఉచితమే. పొడుగు కథలకు నాకు సెరిఫ్ హాయిగా ఉంటుంది. ఇది ఎవరి కంటికి వాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి.

ప్రత్యేకంగా ఈబుక్ రీడర్ పరికరం కొనాలా అని స్నేహితులు అడుగుతుంటారు. మొదటి మూడు నెలలు వద్దు. ఉన్న ఫోనుతో మొదలుపెట్టి, నోటిఫికేషన్లు ఆపి చదవండి. అలవాటు నిలిస్తే అప్పుడు చూద్దాం.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి

అసలు రుచి ఇక్కడుంది, కాబట్టి కొంచెం ఆగి చెప్తాను.

మీరు రాసుకున్న కాగితం ఒడిలో పెట్టుకుని, పాత రూపం చదవండి. తేడా వచ్చిన ప్రతిచోటా ఈబుక్కులో ఆ వాక్యానికి రంగు వేయండి. వేలితో నొక్కి పట్టుకుంటే చాలు. నేను రెండే రంగులు వాడతాను. మన కథతో కలిసినదానికి పసుపు, కలవనిదానికి నీలం. చదవడం అయ్యాక రంగులన్నీ ఒకే జాబితాలో కనిపిస్తాయి. కాగితం పుస్తకంలో ఈ సౌకర్యం లేదు.

పంచ్‌కిన్‌లో నా పసుపు గుర్తు మొదట పడింది ఆరు ‘చట్టీల’ దగ్గర. తాటిచెట్లు గుండ్రంగా నిలబడ్డ చోట, నడుమ నీళ్ళు నింపిన కుండలు ఆరు, ఒకదాని మీద ఒకటి. ఆరో కుండ కింద చిన్న పంజరం, అందులో పచ్చ చిలుక. ఇంగ్లీషులో రాసినా కుండను కుండ అనలేదు, చట్టి అనే ఉంచేశారు. పక్కింటి తమిళ అక్కకు చదివి వినిపిస్తే, “మన చట్టియేనా!” అని నవ్వింది. చెప్పినవాళ్ళ వంటిల్లు ఆ ఒక్క మాటలో దాక్కుని ఉంది.

ఆ చెప్పినవాళ్ళెవరో కూడా తెలుసుకోండి. జేకబ్స్ ఆ కథను మేరీ ఫ్రియర్ 1868లో వేసిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ నుంచి తీసుకున్నాడు. మేరీ బొంబాయి గవర్నరు కూతురు. ఆమెకు కథలు చెప్పింది అన్నా లిబరాటా డిసౌజా అనే ఆయా. అన్నాకు చెప్పింది వాళ్ళ అవ్వ. ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ మొదట్లో అన్నా తన బతుకు కథ కూడా చెప్పుకుంది. దాన్ని వదలకుండా చదవండి. నాకైతే మిగతా కథలన్నిటికన్నా అదే గుండెకు తగిలింది.

రెండో పసుపు గుర్తు ఇంకా దూరం తీసుకుపోయింది. సవతి తల్లి అన్నం పెట్టకుండా మాడుస్తుంటే, ఆ ఏడుగురు ఆడపిల్లలు కన్నతల్లి సమాధి దగ్గర కూర్చుని ఏడుస్తారు. సమాధిలోంచి పంపరపనస చెట్టు మొలిచి, పండ్లతో వాళ్ళ కడుపు నింపుతుంది. ఇప్పుడు జర్మనీలో గ్రిమ్ సోదరుల సిండ్రెల్లా తెరవండి. అక్కడా తల్లి సమాధి మీద చెట్టు, దాని కింద ఏడ్చే కూతురు. ఆ పిల్లకు బట్టలిచ్చేది ఆ చెట్టు మీది పక్షి. గుమ్మడికాయ బండి, గాజు చెప్పులు మనకు తెలిసినవి ఫ్రాన్సులో షార్ల్ పెరో 1697లో వేసిన రూపంలోవి. అక్కడ చెట్టు లేదు, తల్లి లేదు, దేవకన్య వచ్చి అన్నీ ఇస్తుంది. చచ్చిపోయిన అమ్మ చెట్టై బిడ్డను కాచుకునే రూపం మనకు ఎంత దగ్గరో, గాజు చెప్పు అంత దూరం. ఈ సంగతి పసుపు రంగు వేసుకుంటూ నాకు నేనుగా కనుక్కున్నాను. ఎవరో చెప్పి ఉంటే ఇంత సంతోషం ఉండేది కాదు.

జేకబ్స్ పుస్తకం చివర నోట్స్ ఉన్నాయి. ప్రతి కథకూ అది ఎక్కడి నుంచి వచ్చింది, దానికి చుట్టాలైన కథలు ఏ దేశంలో ఉన్నాయి అని రాశాడు. కథ పూర్తయ్యాకే ఆ పేజీలకు వెళ్ళండి. మీరు కనుక్కున్నదాన్ని ఆయనా కనుక్కున్నాడా చూసుకోవచ్చు. ఒక్క కథ పట్టుకుంటే తర్వాత చదవాల్సినవి పది దొరుకుతాయి.

అప్పుడు తిరగరాసిన కథల దగ్గరికి రండి

పాత రూపం ఒకటి చేతిలో ఉంది కాబట్టి, ఇప్పుడు ఈ కాలం రచయితలు అదే కథను ఎలా మార్చారో చూడొచ్చు. ఈబుక్ దుకాణంలో పాత కథ పేరు, కథానాయిక పేరు, ‘రీటెల్లింగ్’ అన్న మాట కలిపి వెతకండి. ఇంగ్లీషులో గుట్టలుగా వస్తాయి, తెలుగులో తక్కువ. తెలుగులో కథల సంపుటాల విషయసూచికలు ఓపికగా చూడాలి. పురాణ పాత్ర పేరో, జానపద కథ పేరో శీర్షికలో ఉంటే నమూనా దింపుకోండి.

కొనాలా వద్దా అన్నది నమూనాలోనే తేలిపోతుంది. నేను చూసేది ఒక్కటే: కథ ఎవరి నోట వస్తోంది? పాత కథనే కొత్త భాషలో చెప్పి, రాకుమార్తె చేతికి కత్తి ఇచ్చి ఊరుకుంటే నాకు తృప్తి ఉండదు. పాత కథలో నోరు లేనివాళ్ళకు నోరు వస్తే అక్కడ ఆగిపోతాను. మాయల ఫకీరు ఇంట్లో అతని ప్రియురాలు సంగు ఉంది కదా. వాడు బాలనాగమ్మను తెచ్చి పెట్టుకున్నాక సంగు మనసులో ఏముంది? బాల్నా పన్నెండేళ్ళు కోటలో మగ్గుతున్నప్పుడు, ఇక్కడ ఆమె కొడుకును పెంచింది ఆరుగురు పెద్దమ్మలు. వాళ్ళ భర్తలు అప్పటికే రాళ్ళైపోయారు. వాళ్ళ వైపునుంచి ఆ కథ ఎవరైనా రాస్తే నేను ఆ రాత్రే కొంటాను.

పాత కథను మార్చడం తప్పు కదా అని కొందరు పెద్దవాళ్ళు బాధపడతారు. నేను ఒప్పుకోను. మనం అసలు కథ అనుకునేది కూడా ఎవరో మార్చినదే. ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ను విల్‌నవ్ అనే ఆవిడ 1740లో నవలంత పొడుగున రాసింది. 1756లో బోమోఁ అనే ఇంకో ఆవిడ దాన్ని కొన్ని పేజీలకు కుదించింది. లోకానికి గుర్తున్నది ఆ కుదించిన కథే. గ్రిమ్ సోదరుల 1812 ముద్రణలో స్నోవైట్‌ను చంపించాలనుకున్నది సొంత తల్లి. 1819కి వచ్చేసరికి ఆమెను సవతి తల్లిగా మార్చేశారు. అంతదూరం ఎందుకు, మన చందమామ పుట్టింది ఈ మద్రాసులోనే, 1947 జూలైలో. పాత బేతాళ కథలు పాతికే. చందమామ ఆ శవాన్ని, ఆ చెట్టును, ఆ రాజును అలాగే ఉంచి, లోపలి కథను నెలనెలా కొత్తగా రాయించింది. మా అమ్మ తరం మొత్తం తిరగరాసిన కథలు చదువుతూ పెరిగింది.

బతికున్న రచయితల పుస్తకం నచ్చితే కొనే చదవండి. దొంగ పీడీఎఫ్ పంపుతామన్నా వద్దనండి. తెలుగులో ఇలాంటి కథలు తక్కువ ఉన్నాయని బాధపడేవాళ్ళం మనమే కాబట్టి, రాసేవాళ్ళకు ఆ డబ్బు చేరాలి.

ఇంట్లో పిల్లలుంటే

చెన్నైలో పెరిగే మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వస్తుంది, లిపి రాదు. బెంగళూరు సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి, కష్టాన్ని బట్టి నాలుగు స్థాయిలుగా. మొదటి స్థాయితో మొదలుపెట్టి, మీరు చదువుతూ వేలు మాట కింద కదిలించండి. అదే కథ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటే అది కూడా తెరిచి పెట్టండి. మా అక్క కూతురు తమిళంలో కథ ముందే చదివేసి, తెలుగు పేజీలో మాటల్ని ఊహించి పట్టుకుంటుంది.

చివరగా, మీ ఇంటి కథను ఈబుక్ చేయండి

మొదట రాసుకున్న కాగితం ఉంది కదా, దాన్ని పారేయకండి. కథ చెప్పినవాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని, ఫోన్లో రికార్డింగ్ పెట్టి, మళ్ళీ చెప్పమనండి. మధ్యలో సరిదిద్దొద్దు. అమ్మమ్మ చెప్తూ చెప్తూ ఆగి, పక్కింటావిడ దోసెల పిండి అడగడానికొస్తే లేచి వెళ్ళి వచ్చింది. వచ్చాక కథను ఆపిన చోట కాకుండా కొంచెం ముందునుంచి అందుకుంది. ఈసారి చిలుక రెక్క విరిచేటప్పుడు ఫకీరు చెయ్యి ఊడిపడింది అనలేదు, “వాడి చెయ్యి వాడికే బరువైపోయింది” అంది. ఈ మాట మొదటిసారి నా చెవిన పడింది. పంచ్‌కిన్‌లో లేదు, నా కాగితంలోనూ లేదు.

రికార్డింగ్ విని, గూగుల్ డాక్స్‌లో తెలుగు కీబోర్డుతో టైపు చేయండి. ఓపిక లేకపోతే మైకు గుర్తు నొక్కి మీరే బిగ్గరగా చెప్పండి, అదే రాసుకుంటుంది. వత్తులు, పేర్లు తర్వాత దిద్దుకోవాలి. శీర్షికకు హెడింగ్ పెట్టండి, అప్పుడే విషయసూచిక వస్తుంది. ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ కింద ఈపబ్ అని ఉంటుంది. అది నొక్కండి. వచ్చిన ఫైలును చదివే యాప్‌లో తెరిచి, ముందు ‘స్త్రీ’ పరీక్ష చేయండి.

మొదటి పేజీలో కథ ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో, ఏ రోజున అన్నది తప్పకుండా రాయండి. అమ్మమ్మ పేరు రాసి చూపిస్తే, కళ్ళద్దాలు తెచ్చుకుని రెండుసార్లు చదువుకుంది. తర్వాత, ఆ కథ తనకు చెప్పిన మేనత్త పేరు కూడా పైన పెట్టమంది. పెట్టాను.